శనివారం గంప

తిరువాలంగాడు,
పంగుని నెల, 1979

ప్రియమైన రుక్మిణత్తకు,

ఇక్కడ అమ్మ, నేను క్షేమం. నువ్వూ జయరామ్ బావా క్షేమమని తలుస్తాను.

నిన్ను అడగకుండా నీ పేరు వాడుకున్నాను. ముందు ఆ సంగతి చెప్పేస్తే మిగిలింది రాయగలను.

పోయిన ఆదివారం చిన్నాయన నలుగురు పెద్దమనుషులను వెంటబెట్టుకుని మన ఇంటికి వచ్చాడు. బావి దగ్గరి తోటను ఇటుకల బట్టీకి ఇవ్వాలని బయటే మాట్లాడుకుని వచ్చారు. మన మట్టి ఇటుకకు బాగా కుదురుతుందట. నాన్న పోయాక తోట చూసుకునే మగదిక్కు లేదు కాబట్టి అమ్మ సంతకం పెడితే చాలునట. పైమట్టి తవ్వుకుపోయాక మిగిలేది గుంటేనని అక్కడున్న అందరికీ తెలుసు. ఎవరూ ఆ మాట అనలేదు. అమ్మ తల వంచుకుని కూర్చుంది.

నేను తలుపు వెనక పుస్తకం పట్టుకుని నిలబడి ఉన్నాను. కాన్వెంటులో జవాబు తెలిసినా చెయ్యి ఎత్తనిదాన్ని. ఆ రోజు బయటికి ఎలా వచ్చానో నాకే తెలియదు. తోట నేను చేస్తానన్నాను.

చిన్నాయన నవ్వాడు. "కాయ కాపించేది సరే పాపా, అమ్మేది ఎవురు? సంతలో కూచోని అరుస్తావా నువ్వు?"

అరవలేను. అది నిజమే. అప్పుడు నాకు కాన్వెంటు వంటిల్లు గుర్తొచ్చింది. నా ఫీజు కింద నాన్న వారం వారం అక్కడ ఒక గంప దించేవాడు కదా. ఆ వారం తోటలో ఏది కాస్తే అది. ఇది కావాలి, అది వద్దు అని సిస్టర్లు ఏనాడూ అనలేదు. బేరం లేదు, అరుపు లేదు. వచ్చింది వండుకున్నారు.

కాబట్టి పెద్దమనుషులకు ఇలా చెప్పాను. మద్రాసు దగ్గర ఆవడి ఫ్యాక్టరీ క్వార్టర్సులో మా అత్త ఉంది. అక్కడ ఇరవై ఇళ్ళకు ప్రతి శనివారం ఇంటికొక గంప పంపుతాను. కాపు ఉన్నంత కాలానికీ వాళ్ళు ముందే డబ్బు కడతారు, తోట ఏది ఇస్తే అది తీసుకుంటారు. ఆడికృత్తిక పండుగ దాకా, ఈ నాలుగు నెలలు, నాకు గడువు ఇవ్వండి. ఈలోగా ఒక్క శనివారం గంప ఆవడి చేరకపోయినా అమ్మ సంతకం పెడుతుంది. ఆ ఆఖరి మాట కూడా నేనే అన్నాను. చిన్నాయన వెంటనే నలుగురినీ సాక్ష్యం పెట్టుకున్నాడు.

ఆ ఇరవై ఇళ్ళు ఇంకా లేవు, అత్తా. నువ్వే వెతకాలి.

నోరు జారిన నీ మేనకోడలు,
కాంచన

*

ఆవడి,
పంగుని నెల

బంగారు బిడ్డ కాంచనకు అత్త దీవెనలు.

నీ జాబు ఒకసారి చదువుకొని, నమ్మకం చాలక జయరామ్ చేత ఇంకోసారి చదివించుకున్నాను. వాడు నవ్వి, "హాజరు పిలిచినా బదులు చెప్పదని వాళ్ళ కాన్వెంటు సిస్టర్ పెద్దమామకి చెప్పుకొని బాధపడిందే, ఆ కాంచనేనామ్మా?" అన్నాడు. ఆ కాంచనే అన్నాను. నా తమ్ముడు, మీ చిన్నాయన ఆదిమూలానికి ఎదురు మాట్లాడినోళ్ళు మన ఇంట్లో ఇంతదాకా నేనొక్కదాన్నే. ఇప్పుడు నాకు తోడు దొరికింది.

ఇండ్లు కుదిరినాయి. ఊరికే కుదర్లేదు, మూడు వీధులు తిరిగి కాళ్ళు వాచినాయి. పక్కింటి సరసమ్మ ఉండాదే, ఆమె నోటికి క్వార్టర్సంతా భయం. ఆమె ఏమన్నదో తెలుసా? "కాయగూర అంటే నేను చూసి, గిల్లి, వాసన పట్టి కొనేదాన్ని రుక్మిణమ్మా. చూడకుండా తెచ్చుకున్నది మా ఆయన్ని ఒక్కణ్ణే. ఆ అనుభవం చాల్దా?" అన్నది. సాయంత్రానికి తానే వచ్చి డబ్బు కట్టిపోయింది. ఆమె కట్టిందని తెలిసి మిగిలినోళ్ళు కట్టినారు.

శనివారం పొద్దున మద్రాసు ప్యాసింజరులో గంపలు ఎక్కించు. జయరామ్ షిఫ్టుకు పోయే ముందు స్టేషన్లో దించుకొని సైకిలు మీద తెస్తాడు. ఖాళీ గంపలు సాయంత్రం బండికి వెనక్కి వేస్తాము. ఇంకమీద స్టాంపు దండగ చేయొద్దు. జాబు గంప అడుగున పెట్టు, నేనూ ఖాళీ గంపలో పెడతాను.

మీ అమ్మని వేళకు తినమను. నిన్ను ఏమీ అనను, నువ్వు ఇప్పుడు పెద్దమనిషివి గదా.

నీ ఏజెంటు,
అత్త

*

తిరువాలంగాడు,
వైకాసి నెల

ప్రియమైన అత్తకు,

గంపలు ఒక్క వారం కూడా తప్పలేదు. మునెయ్య ఎద్దులబండి కట్టి స్టేషను దాకా తోలుతున్నాడు. ఆకుకూర తెల్లవారుజామున కోస్తాం. పైన తడిగోనె కప్పితే ఆవడిలో దించేసరికి వాడకుండా ఉంటోందని నువ్వు రాసినందుకు అమ్మ సంతోషపడింది.

సరసమ్మగారు పోయిన వారం ఖాళీ గంపలో ఒక కాకరకాయ వెనక్కి పంపారు. "ఈ కాయ నాకన్నా చేదుగా ఉంది" అని చీటీ. ఆ కాయ గింజలు తీసి నాటానని ఆమెతో చెప్పు.

ఇక చెడ్డ కబురు. కత్తిరి రోజుల మండుటెండకు వంగపూత రాలిపోయింది. టమోటా చెట్లు నిలువునా మాడాయి. బెండ రెండు వరసలు మిగిలింది. బాగా ఉన్నవి గుమ్మడితీగలే. కంచె పొడుగునా పాకి, బావి గట్టు ఎక్కి, నీళ్ళు తక్కువైనా కాస్తున్నాయి. కాయలు మాత్రం చాలా పెద్దవి, ఒక్కో ఇంటికి ఒక్కో కాయ ఇచ్చేలా లేవు. కాబట్టి ఇంకొన్నాళ్ళు ప్రతి గంపలో గుమ్మడి ముక్కే ఉంటుంది.

నీకు తెలియనిది కాదు, మన ఇళ్ళలో ఆడవాళ్ళు నిండు గుమ్మడికాయకు కత్తి పెట్టరు. మగవాడు రెండు చెక్కలు చేసి ఇస్తే, ఆ తర్వాత ముక్కలు మనం కోసుకోవచ్చు. ఇదివరకు నాన్న కోసేవాడు. ఇప్పుడు అమ్మ అడిగిందని శుక్రవారం సాయంత్రాలు చిన్నాయన వచ్చి కోస్తున్నాడు. ఒక్కో కాయ కోసినప్పుడల్లా నా వైపు చూస్తాడు. ఎందుకు ఆడవాళ్ళు కోయకూడదని అమ్మను అడిగాను. అది బలిచ్చే కాయ, మగవాడి చేతి పని అంది. కోడిని బలిస్తే పులుసు పెట్టేది ఎవరని అడిగాను. పోయి నీళ్ళు కట్టమంది.

నీళ్ళు కడుతూనే ఉన్న,
కాంచన

*

ఆవడి,
ఆని నెల

బిడ్డ కాంచనకు,

ఈ వారం గుమ్మడి, పోయిన వారం గుమ్మడి. సరసమ్మ మొగుడు ఫ్యాక్టరీ క్యాంటీన్లో గుమ్మడి పులుసు చూసి లేచి వచ్చేసినాడంట. అయినా ఎవురూ మానలేదు. ముందే కట్టిన డబ్బు గదా అని నేను అనుకున్నాను. సరసమ్మ అట్ల కాదన్నది. గంప దించేటప్పుడు పైగోనె తీసి ఏముండాదో చూసేది ఆమెకు సరదా అయిపోయిందంట. ఎవురికైనా చెప్తే తాను ఒప్పుకోనని మెల్లగా చెప్పింది.

ఆదివారం ఆదిమూలం మా ఇంటికి వచ్చినాడు. అరిటిపండ్లు, పూలు తెచ్చినాడు. నిన్ను జయరామ్‌కి చేసుకోమన్నాడు. మేనరికమే గదా అక్కా, పిల్ల నీ దగ్గరికి వచ్చేస్తే మా వదినెను నేను చూసుకుంటాను, తోట సంగతి ఒక దారికి వస్తుంది అన్నాడు. జయరామ్ సైకిలు తుడుస్తా కూచున్నాడు.

నువ్వు కోడలుగా రావాలని నాకు ఆశ లేదని చెప్తే అబద్ధమవుతుంది. నేను అవునని చెప్పలేదు. కాదనీ చెప్పలేదు.

ఎండలో తలకు గుడ్డ కట్టుకో.

అత్త

*

తిరువాలంగాడు,
ఆడి నెల

ప్రియమైన అత్తకు,

కాదని నువ్వు చెప్పలేదన్న మాట చాలాసార్లు చదివాను. దాని గురించి ఇప్పుడు రాయను. నిన్న జరిగింది రాస్తాను.

శుక్రవారం సాయంత్రం గుమ్మడికాయలన్నీ తీగల నుంచి తెంపి గట్టు మీద పెట్టాం. చిన్నాయన వచ్చాడు. కత్తి అందించాను. తీసుకోలేదు. తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు.

"మీ అమ్మ సంతకం పెడితే కోస్తా. లేకుంటే రేపు గంపలో ఏం పెడతావో నేనూ చూస్తా" అన్నాడు.

బెండకాయలు గంపకు నాలుగైనా రావు. మునెయ్యను అడిగాను. అతను చిన్నాయన వైపు చూసి, భుజం నొప్పి తల్లీ అన్నాడు. దారిన పోయే ఇద్దరిని అడిగాను. చిన్నాయన అక్కడ కూర్చుని ఉండగా ఎవరూ లోపలికి రాలేదు. అమ్మ నా చెయ్యి పట్టుకుని, పోనీలేవే, సంతకం పెట్టేస్తాను, ఇంక నాకు ఓపిక లేదు అంది.

నేను కాయను కాళ్ళ మధ్య పెట్టుకుని కత్తి దించాను. సగంలో ఇరుక్కుంది. కత్తితో సహా కాయను ఎత్తి గట్టు రాయి మీద కొట్టాను. విచ్చుకుంది. లోపల మామూలుగానే ఉంది, అత్తా. పసుపు కండ, గింజలు, ఎప్పుడూ ఉండే వాసన. నేను ఇంకేదో ఉంటుందనుకున్నానేమో.

చిన్నాయన లేచి తువ్వాలు దులుపుకున్నాడు. "కన్నెపిల్ల నిండు గుమ్మడి కోసింది. వదినె, నువ్వు చూస్తా ఉండావు" అని అమ్మతో అన్నాడు. నేను రెండో కాయ తీసుకున్నాను. మిగిలినవన్నీ కోశాను.

అమ్మ లోపలికి పోయి కర్పూరం వెలిగించింది. అప్పటినుంచి నాతో మాట్లాడలేదు. అన్నం మాత్రం పెట్టింది.

గంపలు ఎక్కించాను. ఈ ఉత్తరం నీ గంప అడుగున ఉంది. ముక్కలు ఎవరు కోశారని ఎవరైనా అడిగితే నిజం చెప్పు.

కాంచన

*

ఆవడి,
ఆడి నెల

కాంచనకు,

నిజం నేను చెప్పనక్కర లేకపోయింది. అదే బండిలో ఆదిమూలం కూడా దిగినాడు. ఇల్లిల్లూ తిరిగి, పెండ్లి కాని పిల్ల చేతి కోత, ఇంటికి అరిష్టమని చెప్పిపోయినాడు. గంపలన్నీ నా వాకిట్లోకి తిరిగి వచ్చినాయి. సరసమ్మ కూడా పెట్టిపోయింది. నా ముఖం చూడలేదు.

వచ్చే శనివారం పంపొద్దు. వాకిట్లో కుళ్ళిన గంపల మధ్య నేను ఇంకోసారి కూచోలేను.

పెండ్లి మాట ఆదిమూలం మళ్ళీ ఎత్తినాడు. నువ్వూ ఆలోచించు.

అత్త

*

తిరువాలంగాడు,
ఆడి నెల

ప్రియమైన అత్తకు,

పంపుతాను.

గంప ఆవడి చేరాలని మాట. వాళ్ళు తినాలని మాట కాదు. పోయిన శనివారం గంప చేరింది. ఈ శనివారం కూడా చేరుతుంది. నువ్వు బయటికి రాకపోయినా బావ స్టేషన్లో దించుతాడు. బావ రాకపోతే ప్లాట్‌ఫారం మీద ఉంటాయి.

ఈసారి నేను ఏదీ కోయలేదు. తీగల కింద దాగిన చిన్న కాయలు, ఇంకా పండనివి కూడా వెతికి తీశాను. ఇరవై దొరికాయి. గంపకొక నిండు గుమ్మడికాయ, పైన ఆడి వానకు మొలిచిన తోటకూర. ఎవరింటి కాయ ఆ ఇంటి మగవాళ్ళు కోసుకోవచ్చు. అరిష్టం నా దగ్గరే ఉండనీ.

చిన్నాయన మాట విని మునెయ్య బండి కట్టడం మానేశాడు. స్టేషనుకు తల మీద మోస్తున్నాను. మొదటి విడత నేను ఒక్కదాన్నే మోశాను. రెండో విడతకు తిరిగి వచ్చేసరికి అమ్మ తల మీద గుడ్డ చుట్ట పెట్టుకుని నిలబడి ఉంది. ఇంకా మాట్లాడటం లేదు. గంప ఎత్తమని చేత్తో చూపించింది.

పెళ్ళి గురించి ఆలోచించాను. బావ మంచివాడు. కానీ తోటను గుంట చెయ్యడానికి నన్ను పంపించే పెళ్ళి నాకు వద్దు. ఈ మాట బావకు కూడా చదివి వినిపించు.

కోపం ఉంటే కోపంతోనే రాయి. రాయకుండా ఉండకు.

నీ,
కాంచన

*

ఆవడి,
ఆడి నెల

నా తల్లి కాంచనకు,

ఈ జాబు నవ్వుకుంటా రాస్తా ఉండాను, అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో.

శనివారం జయరామ్ గంపలు దించి ఎవురి వాకిట్లో వాళ్ళకు పెట్టేసి షిఫ్టుకు పోయినాడు. నేను బయటికి రాలేదు. ఇక్కడ మగోళ్ళంతా ఓవర్‌టైములో ఉండారు, రాత్రికి గాని రారు. సాంబారుకు నా ఇంట్లో వేరే కాయ లేదు. తలుపు గడియ వేసి, గుమ్మడికాయను మూలకు తోసి పెట్టి, కత్తి దించినాను. ఏమనుకున్నావు? జయరామ్ పాలు తాగే పిల్లోడప్పుడు మీ మామ పోయినాడు. అప్పటినుంచి నా ఇంట్లో గుమ్మడికాయ కోసేదానికి ఎవురొచ్చినారు? నేనే కోస్తా ఉండాను. తలుపు వేసుకొని కోస్తాను, అంతే.

కాయ సగం తెగినప్పుడు వెనక తలుపు తోసుకొని సరసమ్మ వచ్చింది. వెనక గడియ వేసేది మరిచిపోయినాను. నేను కత్తి దాచలేను, కాయ దాచలేను. ఆమె నన్ను చూసింది. నేను ఆమెను చూసినాను. ఆమె కొంగు కింద ఏందో ఉండాది. తీసి చూపించింది. పిడి విరిగిపోయిన కత్తి.

"మా కాయ గట్టిగుండాది రుక్మిణమ్మా. నీ కత్తి అయినాక ఒక నిమిషం ఇస్తావా?" అన్నది.

ఇద్దరం నేలమీద కూచోని నవ్వినాము. తర్వాత సరసమ్మ ఊరుకుంటుందా? వీధిలోకి పోయి ఒక్కో తలుపు తట్టింది. "ఏమమ్మా, లోపల గుమ్మడికాయ ఎవురు కోస్తా ఉండారు? మీ ఆయన ఫ్యాక్టరీలో ఉండాడే" అని అడిగింది. ఒకామె పిల్లాడు కోసినాడన్నది, పిల్లాడు ఉయ్యాల్లో ఉండాడు. ఇంకొకామె ఏడ్చేసింది. ఇన్నేండ్లుగా ఒక్కొక్కరూ తాము మాత్రమే తప్పు చేస్తా ఉండామని అనుకొని, గడియ వేసుకొని, ఇరవై ఇండ్లలోనూ కోస్తానే ఉండారు. అట్లాంటోళ్ళమే నీ గంపను వాకిట్లోకి గిరాటు వేసినాము.

ఇంకొకటి రాస్తాను, మీ అమ్మకు వినపడేట్టు చదువు. ఆదిమూలం పెండ్లిలో మగోళ్ళంతా మేళం వెనక పోయినారు. వంటకు గుమ్మడి తరిగే దిక్కు లేదు. పులుసు కాయలన్నీ నేను కోసినాను. కాయ దొర్లకుండా పట్టుకున్నది ఎవురో మీ అమ్మనే అడుగు. పెండ్లికొడుకు ఆ పులుసు మూడు సార్లు వేయించుకొని తిన్నాడు. ఆయనకు ఏ అరిష్టమూ రాలేదు, పొట్ట తప్ప.

వచ్చే శనివారం ఆఖరిది. నిండు కాయలు పంపొద్దు. నువ్వు కోసిన ముక్కలే కావాలంట, సరసమ్మ ఆర్డరు. వాళ్ళు కొందరు కృత్తికకు తిరుత్తణి కొండ గుడికి పోతా ఉండారు. నేను రాను. గంపలు దించుకునేదానికి ఇక్కడ ఒకరుండాలి గదా.

జయరామ్‌కి నీ జాబు చదివి వినిపించినాను. నీ మాట నీది, నా కొడుకు మాట వాడు నీకే చెప్పుకుంటాడు. నేను మాత్రం నిన్ను కోడలుగా అడగను. నువ్వు ఇక్కడికి వచ్చేస్తే నాకు గంప ఎవురు పంపుతారు?

సిగ్గుపడి, సిగ్గు వదిలేసిన,
అత్త

*

తిరువాలంగాడు,
ఆడికృత్తిక మరునాడు

ప్రియమైన అత్తకు,

గంపలు చేరాయని ఖాళీ గంపల్లో నీ చీటీ చూశాను. నువ్వు చూడనిది రాస్తాను.

నీ ఉత్తరం అమ్మకు వినిపించాను. పెళ్ళి పులుసు దగ్గర ఆగి, కాయ ఎవరు పట్టుకున్నారమ్మా అని అడిగాను. అమ్మ దీపం వత్తి సరిచేస్తూ ఉండిపోయింది.

శనివారం పొద్దున నేను కాయలు కోశాను. ఈసారి రాయి మీద కొట్టాల్సిన అవసరం రాలేదు. ఒక్క కాయ మిగిల్చాను, విత్తనానికి ఉంచిన పెద్దది. కోత ముగించి గంపలు నింపేసరికి పొద్దెక్కింది, లెక్క చూసుకుంటే మేమిద్దరం ఎన్ని విడతలు మోసినా బండి వేళకు అన్నీ స్టేషను చేరవు. పెద్దమనుషులను తీసుకుని చిన్నాయన గట్టు మీదికి వచ్చాడు. ఒక్క గంప మిగిలినా మాట తప్పినట్టే కదా అన్నాడు. అవును అన్నాను.

అప్పుడు కాలవ దారిలో పసుపు చీరలు కనిపించాయి. తిరుత్తణికి మొక్కు కట్టుకుని బయలుదేరిన ఆవడి వాళ్ళు మధ్యలో మన స్టేషనులో దిగేశారు. సరసమ్మగారిని నేను ఇంతవరకు చూడలేదు. అయినా నోరు విప్పగానే గుర్తుపట్టాను.

"ఏ గంపమ్మా నాది?" అన్నారు.

చూపించాను. గోనె ఎత్తి చూశారు, గుమ్మడి ముక్క గిల్లారు, వాసన పట్టారు. తల మీద పెట్టుకున్నారు. ఇంకో గంప చంకన ఎత్తుకున్నారు. మిగిలినవాళ్ళు కూడా అలాగే ఎత్తుకున్నారు. చిన్నాయన అడ్డం వచ్చి, ఇది కన్నెపిల్ల కోసిందని మీకు చెప్పినాను గదమ్మా అన్నాడు.

"చెప్పినావు నాయినా. అందుకే వచ్చినాము. నువ్వు రొంత జరుగు, బండి వస్తాది" అన్నారు సరసమ్మగారు.

పెద్దమనుషుల్లో ఒకాయన పక్కకు జరిగాడు. తర్వాత అందరూ జరిగారు. ఒక్క గంప కూడా మిగల్లేదు. మద్రాసు ప్యాసింజరులో గంపలు ఎక్కించి, వాళ్ళు ఎదురు ప్లాట్‌ఫారానికి పోయి తిరుత్తణి బండి ఎక్కారు. కాకరకాయలు ఇంకా చేదుగానే ఉన్నాయని కిటికీలోంచి చెప్పారు.

నేను తిరిగి వచ్చేసరికి చిన్నాయన ఇంకా గట్టు మీదే ఉన్నాడు. పెద్దమనుషులు వెళ్ళిపోయారు. అమ్మ విత్తనపు కాయను దొర్లించుకుంటూ వచ్చి ఆయన ముందు పెట్టింది. నా వైపు తిరిగింది.

"కత్తి ఇట్ల తే" అంది.

రెండు వారాల తర్వాత నాతో అన్న మొదటి మాట అది. ఇచ్చాను. అమ్మ కూర్చుని, ఒక్క దెబ్బకు కాదు, నిదానంగా, కత్తి చుట్టూ తిప్పుతూ కాయను రెండు చేసింది. ఒక చెక్కలోంచి గింజలు తన కొంగులోకి దులుపుకుంది. ఆ చెక్కను ఎత్తి చిన్నాయన చేతుల్లో పెట్టింది.

"నీ పెండ్లిలో మీ అక్క కోసింది, నేను పట్టుకున్నాను. ఈ పొద్దు నేనే కోసినాను. ఎత్తుకోనిపో ఆదిమూలం, పులుసు పెట్టించుకో."

ఆయన ఆ చెక్కను కింద పెట్టలేదు. అలాగే పట్టుకుని ఇంటికి వెళ్ళాడు.

గింజలు కడిగి వాకిట్లో ఆరబెట్టాం. రెండో చెక్క నీది. ఈ గంపలో ఉంది.

నీ మేనకోడలు, గోవిందమ్మ కూతురు,
కాంచన